చిన్న లేత్‌పై సూక్ష్మ సాన

లేత్ యంత్రమునకు తెలుగున తరిమెన యను పాత పేరు కలదు. కొయ్యను తరిమెన పట్టి మంచపు కోళ్ళు చేయువారిని, ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయువారిని మన ప్రాంతము చిరకాలముగా ఎరుగును. ఉర్దూలో ఈ యంత్రమునే ఖరాద్ అందురు. దానిపై పనిచేయువాడు ఖరాదీ. ఈ రెండు పేర్లకు చుట్టరికము లేదు. కాని లోహమును రాపిడిచే పదునుపెట్టు రాతి విషయమున రెండు భాషలును ఒక్కటే మాట పలుకును. తెలుగున అది సాన, ఉర్దూలో సాన్. రెంటికిని మూలము సంస్కృతమందలి శాణ శబ్దము. తరిమెనయు సానయు ఒకే బల్లపై కలిసి పనిచేయు విధానమును వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము. యంత్ర విషయములు మన భాషలో చెప్పుటకు లొంగవను అభిప్రాయము కొందరు విద్యార్థులలో నాటుకొనియున్నది. ఆ అభిప్రాయమును వాదముతో గాక, ఒక పనిని మొదటినుండి చివరవరకు చెప్పి చూపుటచే పరీక్షింపదలచితిమి.

మొదట ఈ సాన అవసరమేమో చూతము. లేత్‌పై జాబ్, అనగా మనము మలచదలచిన లోహపు ముక్క, తిరుగుచుండగా ఉక్కు పనిముట్టు దానిని చెక్కును. ఈ చెక్కుటకు రెండు హద్దులు కలవు. కాల్చి, నూనెలోనో నీటిలోనో ముంచి గట్టిపరచిన ఉక్కును సాధారణమైన పనిముట్టు కోయలేదు; తన మొననే పోగొట్టుకొనును. రెండవది, పనిముట్టు మొన ఎంత పదునైనదైనను కొంత గుండ్రదనము దానికి ఉండితీరును. మిల్లీమీటరులో నూరవ వంతు మాత్రమే తీయవలసివచ్చినపుడు అది కోయుట మాని ఒత్తుకొనుచు జారును. మనిషి వెంట్రుక మందము సుమారు 0.07 మి.మీ. అందులో ఏడవ వంతును సమముగా తీయుట సానకు సులభము, పనిముట్టుకు కష్టము.

సాన చక్రములో వేలకొలది కఠినమైన రేణువులు ఒక బంధక పదార్థముచే కూర్చబడియుండును. ప్రతి రేణువును ఒక చిన్న పనిముట్టే. అది తీయు తునక కంటికి ఆననంత చిన్నది. సానపట్టునపుడు ఎగయు నిప్పురవ్వలు వేరేమియు గావు, గాలిలో మండుచు పోవు ఆ ఉక్కు తునకలే. మొద్దుబారిన రేణువుపై ఒత్తిడి పెరిగినపుడు అది విరిగి క్రొత్త అంచు చూపును, లేదా రాలిపోయి వెనుకనున్న రేణువునకు చోటిచ్చును. తన పదును తానే పెట్టుకొను పరికరము ఇది యొక్కటే అనవచ్చును.

సూక్ష్మమైన సాన యంత్రము లేత్ కడుపుననే పుట్టినది. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమందలి బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థవారు 19వ శతాబ్దమున కుట్టు యంత్రములు చేయుచుండిరి. వాటి సూదిని మోయు కడ్డీలు గట్టిపరచిన ఉక్కుతో చేయవలసియుండుటచే 1860ల దశకమున లేత్‌పైననే సాన చక్రము అమర్చి పని నడిపిరి. ఆ అనుభవమునుండి జోసెఫ్ బ్రౌన్ రూపొందించిన సార్వత్రిక సాన యంత్రము 1876లో వెలువడినది. ఆ యేడే ఆయన మరణించెను.

అప్పటికి చక్రములు సహజమైన కురువిందముతోను, ఎమరీ రాతితోను చేయబడుచుండెను. ఆంగ్లములోని కొరండమ్ అను పేరు దక్షిణ భారత భాషలలోని ఈ కురువింద శబ్దమునుండియే పోయినదని ఇచట గుర్తుచేయుట అప్రస్తుతము కాదు. 1891లో ఎడ్వర్డ్ అచిసన్ విద్యుత్ కొలిమిలో సిలికాన్ కార్బైడును తయారుచేసి దానికి కార్బొరండమ్ అని పేరిడెను. తరువాత కృత్రిమమైన అల్యూమినియం ఆక్సైడు వచ్చినది. ఇది రసాయన దృష్టిలో కురువిందమే. నేటికిని ఉక్కునకు అల్యూమినియం ఆక్సైడు చక్రము, పోత ఇనుమునకును ఇత్తడికిని సిలికాన్ కార్బైడు చక్రము వాడుట సంప్రదాయము.

ఇంటిలోనే చిన్న కర్మశాల నడుపుకొను అలవాటు బ్రిటనులో బాగుగా వేరూనినది. 1898లో పెర్సివల్ మార్షల్ స్థాపించిన మోడల్ ఇంజనీర్ పత్రిక దీనికి ఆధారమైనది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఫ్యాక్టరీ పనివారు తీరిక వేళల చిన్న ఆవిరి ఇంజనులు, గడియారములు చేయుచు తమ పద్ధతులను అందులో వ్రాసికొనిరి. నాటింగ్‌హామ్ సమీపమున బీస్టన్‌లో తయారైన మైఫర్డ్ ఎం.ఎల్.7 లేత్ 1946లో వెలువడి ఇట్టి ఇండ్లలో స్థిరపడినది. దాని కేంద్రము ఎత్తు మూడున్నర అంగుళములు మాత్రమే. ఆ పాత కర్మాగారము 2011లో మూతపడినను ఆ లేత్‌లు ఇంకను తిరుగుచున్నవి. లఫ్‌బరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డెన్నిస్ చాడక్ 1970ల దశకమున క్వార్న్ అను సాన యంత్రమును రూపొందించి, ఇంటి లేత్‌పైననే దాని భాగములు చేసికొను విధమును ఆ పత్రికలో వివరించెను. విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఇంటి పనివానికొరకు నట్టు నట్టునకు లెక్క వ్రాయుట మన విద్యావంతులు గమనింపదగిన విషయము.

ఇక పరికరము సంగతి. టూల్‌పోస్ట్ గ్రైండర్ అని దీనికి వాడుక పేరు. లేత్‌లో పనిముట్టును పట్టు టూల్‌పోస్ట్‌ను తొలగించి, ఆ స్థానమున చిన్న స్పిండిల్ గల ఒక పెట్టెను బిగింతురు. స్పిండిల్ ఒక చివర సాన చక్రము, రెండవ చివర పుల్లీ ఉండును. మోటారునుండి సన్నని బెల్టు ద్వారా దానికి వేగము అందును. చక్రము మధ్యభాగము లేత్ కేంద్రము ఎత్తునకు సరిగా ఉండవలెను. జాబ్ నెమ్మదిగా తిరుగును. చక్రము మిక్కిలి వేగముగా తిరుగును. రెండును తాకుచోట వాటి ఉపరితలములు ఎదురెదురుగా కదలవలెను.

ఆ వేగమెంత? మామూలు చక్రములకు అంచు వేగము సెకనుకు 25 నుండి 33 మీటర్లు. 33 మీటర్లనగా గంటకు సుమారు 119 కిలోమీటర్లు. నిమిషమునకు ఎన్ని చుట్లో తెలిసికొనుటకు ఈ అంచు వేగమును 60చే హెచ్చించి చక్రము చుట్టుకొలతచే భాగింపవలెను. 75 మి.మీ. వ్యాసము గల చక్రమునకు 33 మీటర్ల వేగము కావలెనన్న నిమిషమునకు సుమారు 8,400 చుట్లు, 50 మి.మీ. చక్రమునకు సుమారు 12,600 చుట్లు. మన మోటారు నిమిషమునకు 2,800 చుట్లు తిరుగునదైన, 75 మి.మీ. చక్రమునకు మోటారు పుల్లీ స్పిండిల్ పుల్లీకి మూడింతలుండవలెను. రంధ్రముల లోపల సానపట్టుటకు వాడు 10 మి.మీ. చక్రమునకు 25 మీటర్ల వేగము రావలెనన్న నిమిషమునకు 47,000 చుట్లు దాటవలెను. ఇంటి కర్మశాలలో అది దుర్లభము. తక్కువ వేగముతో నడిపిన పని జరుగును గాని చక్రము మెత్తనిదానివలె ప్రవర్తించి త్వరగా అరుగును. జాబ్ ఉపరితల వేగము నిమిషమునకు 20 మీటర్లున్న చాలును, 25 మి.మీ. కడ్డీకి అది సుమారు 255 చుట్లు.

ఇచట ఒక హెచ్చరిక చేయక తప్పదు. చక్రముపై ముద్రించిన గరిష్ఠ వేగము సలహా కాదు, హద్దు. వేగము రెండింతలైనచో చక్రమును చీల్చు బలము నాలుగింతలగును. పెద్ద పుల్లీ మార్చి సరదాకు వేగము హెచ్చించినవాడు తన ముఖమునకు ఎదురుగా ప్రమాదమును నిలుపుకొనుచున్నాడు. క్రొత్త చక్రమును వ్రేలిపై వ్రేలాడదీసి కొయ్య పిడితో మెల్లగా తట్టిచూడవలెను. గంటవలె మ్రోగిన మంచిది. పగిలిన కుండవలె పలికినచో దానిని మరల ఎవరును వాడకుండ పగులగొట్టి పారవేయవలెను. చక్రమునకు ఇరువైపుల అట్ట బిళ్ళలుంచి, చక్రము వ్యాసములో మూడవ వంతుకు తగ్గని సమానమైన లోహపు బిళ్ళలతో బిగింపవలెను. కప్పు లేకుండ నడుపరాదు. బిగించిన తరువాత ఒక నిమిషము ప్రక్కకు తొలగి నిలిచి, ఉత్తచేతులతో దూరమునుండి దాని నడక చూడవలెను. కండ్ల అద్దములు ధరించుట మరువరాదు.

పరికరము గొప్పతనమంతయు స్పిండిల్‌లో ఉన్నది. దాని బేరింగులలో ఏ కొంచెము వదులున్నను, ఆ వదులు జాబ్‌పై అలలుగా ముద్రపడును. అందుచే ఏటవాలు బాల్ బేరింగులను ఎదురెదురుగా అమర్చి, స్వల్పమైన ఒత్తిడితో వదులు లేకుండ బిగింతురు. ధూళి చొరకుండ మూతలుంచుదురు. మోటారు అదరును గనుక దానిని స్పిండిల్ పెట్టెకు గట్టిగా అంటించుటకంటె విడిగా నిలిపి, సన్నని బెల్టుతో కలుపుట మేలు. బెల్టు అతుకు వద్ద లావుగా ఉన్నచో ప్రతి చుట్టునకు ఒక తట్టు తగులును; అదియు జాబ్‌పై కనబడును. సాన దాచిపెట్టదు, యంత్రములోని ప్రతి లోపమును లోహముపై వ్రాసి చూపును.

చక్రమును బిగించినంతమాత్రమున అది గుండ్రముగా తిరుగదు. వజ్రపు మొన గల ఒక కడ్డీని లేత్‌పై కదలకుండ నిలిపి, తిరుగుచున్న చక్రమును దాని యెదుట నెమ్మదిగా నడిపింపవలెను. దీనిని డ్రెస్సింగ్ అందురు. వజ్రము చక్రము కేంద్రమునకు సూటిగా గాక, చక్రము తిరుగు దిశకు 10 నుండి 15 డిగ్రీలు వాలి వెనుకకు లాగబడునట్లుండవలెను. ఎదురుగా నిలిపిన అది గ్రుచ్చుకొనును. ఒక్కసారికి 0.01 నుండి 0.02 మి.మీ. మించి తీయరాదు. చక్రమును విప్పి మరల బిగించినచో మరల డ్రెస్సింగ్ చేయవలెను. గట్టి ఉక్కునకు మెత్తని చక్రము ఎన్నుకొనుట ఇంకొక నియమము. వినుటకు వింతగా ఉన్నను కారణము స్పష్టమే. గట్టి ఉక్కుపై రేణువులు త్వరగా మొద్దుబారును. మెత్తని బంధకము వాటిని సకాలమున వదలిపెట్టును.

ఇప్పుడొక పనిని చేసి చూతము. లేత్ హెడ్‌స్టాక్‌లో అమర్చు కేంద్రము, 60 డిగ్రీల కోణము గల మొన, కాలక్రమమున అరిగి ఊగులాడుచున్నదనుకొందము. దానిని బయట ఎక్కడనో సానపట్టించి తెచ్చినను ఫలితము సందేహమే. ఏలయన మన స్పిండిల్ రంధ్రములో దానిని అమర్చగానే ఆ రంధ్రపు లోపము దానికి అంటును. కావున స్పిండిల్ రంధ్రమును, కేంద్రపు తోకను శుభ్రముగా తుడిచి, కేంద్రమును అందులోనే బిగించి, రెంటిపైనను ఎదురెదురుగా ఒక చిన్న గీత పెట్టవలెను. టాప్ స్లైడును లేత్ అక్షమునకు 30 డిగ్రీలు త్రిప్పి, చక్రమును కేంద్రపు ఏటవాలు వెంబడి ముందునకు వెనుకకు నడిపింపవలెను. నిప్పురవ్వలు మొదట ఒక ప్రక్కననే రాలును. ఆ ప్రక్కననే ఎత్తు ఉన్నదన్నమాట. కొలదికొలదిగా జరుపగా రవ్వలు చుట్టంతటను సమమగును. అప్పుడు ఇక ముందునకు జరుపక, రవ్వలు ఆగువరకు అదే స్థానమున నడుపవలెను. వంగిన స్పిండిల్ నెమ్మదిగా తన స్థితికి వచ్చుచు మిగిలిన సూక్ష్మ భాగమును తీసివేయును. ఎప్పుడైనను కేంద్రమును తీసి మరల పెట్టునపుడు ఆ గీతలు కలియవలెను.

సానపని రహస్యమంతయు ఈ ఉదాహరణలో ఇమిడియున్నది. వస్తువు ఎచట తిరుగవలెనో అచటనే, తాను తిరుగు అక్షముపైననే దానిని సరిచేయుట. అరిగి నోరు వెడల్పైన మూడు దవడల చక్‌ను బాగుచేయుటయు ఇట్టిదే. దవడల లోతున ఒక ఉంగరమును బిగించి, పనిలో ఉండు ఒత్తిడిలోనే వాటిని నిలిపి, ముందు భాగమును లోపలి చక్రముతో సానపట్టుదురు. ఒత్తిడి లేకుండ సానపట్టిన దవడలు ఒత్తిడి పడగానే మరల వంకరపోవును.

నిడుపాటి కడ్డీని సమమైన వ్యాసమునకు తెచ్చునపుడు లోతును కొలుచుట ముఖ్యము. చిన్న లేత్ స్లైడులపై ఒక గీత 0.02 మి.మీ. ఉండవచ్చును, మనకు అంతకన్న తక్కువ కావలెను. టాప్ స్లైడును లేత్ అక్షమునకు 5 డిగ్రీల 44 నిమిషముల కోణమున నిలిపినచో, అది 0.1 మి.మీ. నడచినపుడు చక్రము జాబ్ వైపునకు 0.01 మి.మీ. మాత్రమే జరుగును. ఆ కోణము సైను విలువ పదవ వంతగుటయే కారణము. అప్పుడు ఒక గీత జరిపిన వ్యాసములో 0.004 మి.మీ. తగ్గును. గణిత తరగతిలో పట్టికనుండి చూచి వదలివేయు త్రికోణమితి ఇచట చేతికి తగులును. ముగింపున ఒక్కసారికి 0.005 మి.మీ. లోతు చాలును. చక్రము కడ్డీ చివరను పూర్తిగా దాటిపోరాదు. తన వెడల్పులో మూడవ వంతు దాటిన చాలును, లేనిచో చివర సన్నబడును. కొలుచుటకు ముందు జాబ్ చల్లారవలెను. 25 మి.మీ. ఉక్కు కడ్డీ 10 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కినచో దాదాపు 0.003 మి.మీ. లావగును. వేడిమీద సరియైన కొలత చల్లారిన తరువాత తక్కువ కొలతగును. తీసివేసినదానిని మరల అతికించు ఉపాయము లేదు.

ఇంకొక సూక్ష్మము కలదు. పెద్ద సాన యంత్రములలో జాబ్ రెండు కదలని కేంద్రముల మధ్య తిరుగును. లేత్‌లో హెడ్‌స్టాక్ కేంద్రము స్పిండిల్‌తోబాటు తిరుగును గనుక ఆ బేరింగుల ఊగులాట జాబ్‌కు చేరును. స్పిండిల్‌ను నిలిపివేసి, జాబ్‌ను మాత్రము విడిగా ఒక పుల్లీతో త్రిప్పునట్లు అమర్చుకొన్నవారు తమ లేత్‌కన్న మేలైన గుండ్రదనమును సాధింపగలరు.

సాన ధూళి విషయము చివరకు చెప్పుచున్నను ప్రాముఖ్యమున మొదటిది. రాలిన రేణువులు లేత్ పట్టాలపై పడి నూనెతో కలిసినచో, ఏ యంత్రమును సూక్ష్మము చేయదలచితిమో ఆ యంత్రమునే అవి అరగదీయును. పట్టాలను మందపు కాగితముతో కప్పవలెను; గుడ్డ కప్పిన చక్‌లో చిక్కుకొను ప్రమాదమున్నది. చక్రము క్రింద నీటి పళ్ళెము ఉంచిన చాల ధూళి అందులో పడును. పని ముగిసిన తరువాత గాలితో ఊదరాదు. ఊదిన ధూళి స్లైడుల సందులలో దూరును. తుడిచి, శుభ్రపరచి, క్రొత్త నూనె పూయవలెను.

యంత్రమునకు పట్టాలెట్టివో మనిషికి ఊపిరితిత్తులట్టివి. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున ఇసుకరాతి సానలపై పొడిగా ఫోర్కులకు పదునుపెట్టు పనివారు ముప్పది యేండ్ల ప్రాయమునకే కన్నుమూయుచుండిరని డాక్టర్ ఆర్నల్డ్ నైట్ 1830లో వ్రాసెను. ఆ రాతిలోని సిలికా ధూళియే వారి మృత్యువు. నేటి కృత్రిమ చక్రములలో ఆ సిలికా భయము తగ్గినను, ఏ ధూళియు ఊపిరికి ఆహారము కాదు. ముక్కునకు తగిన ముసుగు, గదిలో గాలి రాకపోకలు తప్పనిసరి. మన నగరములలో రోడ్డు ప్రక్క సానపట్టు కుర్రవాడు ముఖమునకు రుమాలైనను లేక రవ్వల యెదుట వంగియుండుట మనము ప్రతిదినము చూచుచునే యున్నాము. అతనికి ఈ నాలుగు మాటలు అతని భాషలో చెప్పువారు కావలెను.

హైదరాబాదు జంటనగరములకు ఈ విద్య క్రొత్తది కాదు. 1943లో సికింద్రాబాదున వెలసిన ప్రాగా టూల్స్ సంస్థ సాన యంత్రముల తయారీచే పేరుపొందినది. పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్ర సంస్థ 1968లో బాలానగరులో స్థాపింపబడినది. అయినను చేతిపని చదువురానివారి సొత్తనియు, చదువు చేతులు మాయనివారి సొత్తనియు భావించు విద్యార్థులు మనలో ఇంకను కలరు. 5 డిగ్రీల 44 నిమిషముల కోణమును పుస్తకములో ఎరిగినవాడు లేత్‌పై నిలుపలేకున్నను, లేత్‌పై ఏండ్లతరబడి పనిచేసినవాడు ఆ కోణమునకు కారణమెరుగకున్నను, ఇరువురికిని నష్టమే. కళాశాల కార్యవర్గమువారు ఒక చిన్న లేత్‌ను, దానితోబాటు ఒక సాన పరికరమును, ఒక వజ్రపు మొనను, కొన్ని ముసుగులను సమకూర్చి, విజ్ఞాన విభాగపు పర్యవేక్షణలో వారమునకు ఒక సాయంకాలము దానికి కేటాయించినచో ఈ ఇరువురును ఒకచోట కలిసికొనగలరు. ఆ బల్లవద్ద తరిమెన అన్నను, ఖరాద్ అన్నను యంత్రము ఒక్కటే. సాన అన్నను, సాన్ అన్నను రాలు రవ్వ ఒక్కటే.